కొలత మారితే కంచం మారింది

షుగరని తేలిన మర్నాటి నుంచి ఇంట్లో అందరి కళ్లూ అన్నం గిన్నె మీదే ఉంటాయి. రాత్రిపూట అన్నం మానేసి చపాతీ తినమని పక్కింటివాళ్లు చెబుతారు. కొర్రలూ అరికలూ వండుకుంటే మూడు నెలల్లో దారికొస్తుందని పిన్ని ఫోను చేస్తుంది. అసలు గింజే ముట్టకుండా నెయ్యి, గుడ్లు, మాంసంతో బరువు దిగానని ఆఫీసులో ఒకాయన పాత ఫొటో తీసి చూపిస్తాడు. ఆసుపత్రిలో ఇచ్చిన అచ్చుకాగితం మీదేమో గడులు గీసి, పొద్దున మూడు ఇడ్లీలు, మధ్యాహ్నం కప్పు అన్నం, రాత్రి రెండు పుల్కాలు అని రాసి ఉంటుంది.

ఒకదానికొకటి పొసగని మాటలివి. అయితే వీటిలో ఏదీ నిన్నమొన్న పుట్టింది కాదు. డెబ్బై ఐదేళ్ల నాటిది ఒకటి, రెండు వందల ఏళ్ల నాటిది ఒకటి, రెండు వేల ఏళ్లకు అటూ ఇటూగా ఉన్నది మరొకటి. వీటిని వరసలో పెట్టి చూస్తే ఒక సంగతి స్పష్టమవుతుంది. రోగిలో దేన్ని కొలవగలిగితే దాన్ని బట్టే వైద్యులు కంచంలో ఏముండాలో నిర్ణయిస్తూ వచ్చారు. మూత్రంలో తీపిని పట్టుకున్న రోజుల్లో ఒక పథ్యం నడిచింది. నెత్తుటిలో చక్కెరను లెక్కించాక అది మారింది. కాలేయంలో కొవ్వును కళ్లతో చూశాక మళ్లీ మారింది.

చీమలు పట్టిచ్చిన జబ్బు

చరక సంహిత, సుశ్రుత సంహిత ఈ జబ్బును ప్రమేహాల్లో చేర్చాయి. ప్రమేహాలు మొత్తం 20 రకాలు. వాటిలో నయం చేయలేని దశకు చేరినది మధుమేహం. మూత్రానికి చీమలు చేరితే జబ్బు వస్తున్నట్టు గుర్తు. ఆనాటి వైద్యుడికి దొరికిన ముఖ్యమైన ఆధారాల్లో రెండు: ఈ చీమలు, రోగి ఒంటి తీరు.

ఆ రెండో ఆధారంతోనే సుశ్రుత సంహిత చాలా దూరం వెళ్లింది. ప్రమేహం పుట్టుకతో వచ్చేది ఒకటి, తిండి తప్పు వల్ల వచ్చేది ఒకటి అని విడదీసింది. మొదటి రకం వాళ్లు బక్కపలచగా ఉంటారు, ఊరికే దాహమంటారు. రెండో రకం వాళ్లు లావుగా ఉంటారు, ఎక్కువ తింటారు, పడకకు అలవాటు పడి ఉంటారు. చిక్కిపోయిన వాళ్లకు బలం పట్టే తిండి పెట్టాలి, లావైన వాళ్లను సన్నబరచాలి. ఇద్దరికీ ఒకే పథ్యం పనికిరాదని ఇంత పాత పుస్తకం చెప్పిందంటే, పరీక్షనాళిక లేని రోజుల్లో కంటిచూపు ఎంత పనిచేసిందో తెలుస్తుంది.

ఇక తిండి. యవలు, గోధుమలు, అరికలు, పాతబడిన బియ్యం అని ఆ గ్రంథం గింజల జాబితా ఇచ్చింది. వాటికి తోడుగా శనగలు, కందులు, ఉలవలు, పెసలు తినమంది. గింజ ఒక్కటే చాలదు, పప్పు జత కావాలన్నది ఆ జాబితాలోనే ఉంది. డబ్బున్నవాడికీ లేనివాడికీ చికిత్స వేరుగా రాయడం ఇంకా ఆశ్చర్యం. ధనికుడు శ్యామాకం, నీవారం వంటి అడవి గింజలూ ఉసిరికా వెలగపండూ తింటూ అడవిలో ఉండాలి. దిక్కులేని పేదవాడు చెప్పులూ గొడుగూ లేకుండా, బిచ్చమెత్తి తింటూ, ఏ ఊళ్లోనూ ఒక రాత్రికి మించి ఆగకుండా నూరు యోజనాలు నడవాలి. పేదవాడికి ఫలానాది తినమని చెప్పే వీలు లేక, ఆ పుస్తకం అతనికి నడకనే మందుగా ఇచ్చింది.

కెప్టెన్ కంచం

యూరప్‌లో ఈ కథ నాలుకతో మొదలైంది. 1674లో ఇంగ్లండ్ వైద్యుడు థామస్ విల్లిస్ రోగి మూత్రం తేనె కలిపినట్టు తియ్యగా ఉందని రాశాడు. 1776లో లివర్‌పూల్‌కు చెందిన మాథ్యూ డాబ్సన్ ఇంకో మెట్టు ఎక్కాడు. మూత్రాన్ని ఆవిరయ్యేదాకా కాచి, అడుగున మిగిలిన తెల్లటి ముద్ద పంచదారేనని చూపించాడు. రోగి నెత్తురులో తేరిన నీరు కూడా తియ్యగానే ఉందని గమనించాడు. అంటే చక్కెర మూత్రపిండాల్లో పుట్టడం లేదు, ఒంట్లోంచే వస్తోంది.

ఎక్కడి నుంచి వస్తోంది? బ్రిటిష్ ఫిరంగి దళంలో సర్జన్‌గా ఉన్న జాన్ రోలో 1796లో తన దగ్గరికి వచ్చిన కెప్టెన్ మెరెడిత్ అనే భారీకాయుడి మీద ఈ ప్రశ్నను పరీక్షించాడు. తిన్న కాయగూరలూ ధాన్యమూ కడుపులో చక్కెరగా మారుతున్నాయని రోలో నమ్మకం. కనుక వాటిని ఆపేశాడు. ఆ కెప్టెన్ కంచంలో ఏముండేదో రోలో 1797లో అచ్చువేసిన పుస్తకంలో ఉంది. పొద్దున పాలు, సున్నపుతేట, కాస్త రొట్టె, వెన్న. మధ్యాహ్నం జంతువుల రక్తమూ కొవ్వూ కలిపి చేసిన ముద్దలు. రాత్రి భోజనానికి చాలాకాలం నిలవున్న మాంసం, వాసన తిరిగిన పంది కొవ్వుతో సహా. పడుకునే ముందు మళ్లీ పాలు. ఆకలి చచ్చేందుకు వికారం పుట్టించే మందులు వేరే.

తినడానికి భయంకరమే. కానీ మూత్రంలో తీపి పోయింది, బరువు తగ్గింది, కెప్టెన్ కొలువులోకి తిరిగి వెళ్లాడు. చక్కెర కడుపులో తయారవుతుందన్న రోలో సిద్ధాంతం తప్పు. పిండిపదార్థం తగ్గిస్తే చక్కెర తగ్గుతుందన్న అతని ఫలితం మాత్రం నిలిచింది. ఇవాళ గింజ మాని కొవ్వు తినమనే ప్రతి పద్ధతికీ మూలపురుషుడు ఆయనే.

పారిస్ ముట్టడి నేర్పినది

19వ శతాబ్దం నడుమకు మూత్రాన్ని రుచి చూసే అవసరం తప్పింది. రాగి లవణాలు కలిపి వేడిచేస్తే చక్కెర ఉంటే రంగు మారే పరీక్షలు వచ్చాయి. చక్కెర ఉందా లేదా అన్న ప్రశ్న పోయి, ఎంత ఉంది అన్న ప్రశ్న వచ్చింది. ఆ ప్రశ్నను రోగి ఇంటికి తీసుకెళ్లినవాడు పారిస్ వైద్యుడు అపోలినేర్ బుషార్దా. ఎవరి మూత్రాన్ని వాళ్లే పరీక్షించుకోవాలని, ఏ తిండి ఎంత తింటే చక్కెర కనిపిస్తోందో ఎవరికి వాళ్లు తెలుసుకోవాలని ఆయన పట్టుబట్టాడు. పిండి తీసేసి గోధుమలోని జిగురుతో చేసే రొట్టె ఆయన తయారీయే.

1870 సెప్టెంబరులో ప్రష్యా సైన్యం పారిస్‌ను చుట్టుముట్టింది. నాలుగు నెలలకు పైగా నగరానికి బయటి తిండి రాలేదు. జనం గుర్రాలను, చివరికి ఎలుకలను కూడా తిన్నారు. ఆ కరువులో బుషార్దా తన రోగులను పరీక్షిస్తే చాలామంది మూత్రంలో చక్కెర మాయమైంది. ఇక్కడ జరిగింది ఫలానా పదార్థం మానడం కాదు. మొత్తం తిండే తగ్గింది. అప్పటి నుంచి బుషార్దా తన రోగులకు వీలైనంత తక్కువ తినమని, ఒళ్లు వంచి పనిచేయమని చెబుతూ వచ్చాడు. ఈ గమనింపులోని అసలు బలం బయటపడడానికి 140 ఏళ్లు పట్టింది.

ఆలోపు ఎన్నో పద్ధతులు వచ్చిపోయాయి. జర్మనీలో ఒకరు బియ్యంతో వైద్యమన్నారు. మరొకరు వెన్న తీసిన పాలు ఒక్కటే తాగమన్నారు. 20వ శతాబ్దం మొదట్లో కార్ల్ ఫాన్ నూర్డెన్ ఓట్స్ జావతో చికిత్స చేసి పేరు తెచ్చుకున్నాడు. ఇవి పైకి ఒకదానికొకటి వ్యతిరేకం. అన్నిట్లోనూ రోగి తినేది మామూలు కన్నా బాగా తక్కువ, అదొక్కటే ఉమ్మడి.

నీలం నుంచి ఇటుక ఎరుపు

అమెరికా రసాయనవేత్త స్టాన్లీ బెనెడిక్ట్ 20వ శతాబ్దం తొలి ఏళ్లలో తయారుచేసిన ద్రావణం, మూత్ర పరీక్షను ఎవరైనా చేయగలిగేంత తేలిక చేసింది. మన ఊళ్ల ఆసుపత్రుల్లోనూ దశాబ్దాల పాటు ఇదే నడిచింది. పరీక్షనాళికలో 5 మిల్లీలీటర్ల నీలం ద్రావణం పోసి, 8 చుక్కల మూత్రం వేసి, స్పిరిట్ దీపం మీద మరిగించేవారు. నీలం నీలంగానే ఉంటే చక్కెర లేనట్టు. ఆకుపచ్చగా తిరిగితే కొద్దిగా ఉన్నట్టు, పసుపయితే ఇంకొంచెం, నారింజ అయితే జాగ్రత్త పడాల్సినంత. ఇటుక ఎరుపులోకి దిగిందంటే 2 శాతం, ఆ పైన. ఆ రంగును చూసే ఇంట్లోవాళ్లు మర్నాటి అన్నం కొలిచేవారు.

ఆ నీలం సీసా ఒక విషయం దాచిపెట్టేది. నెత్తుటిలో చక్కెర డెసిలీటరుకు దాదాపు 180 మిల్లీగ్రాములు దాటితే గానీ మూత్రపిండాలు దాన్ని బయటికి వదలవు. కనుక నీలం రంగు చూసి నిశ్చింతగా ఉన్న రోగి ఒంట్లో జబ్బు నిశ్శబ్దంగా కళ్ల మీద, నరాల మీద, మూత్రపిండాల మీద పనిచేసుకుపోతూనే ఉండేది.

మూత్రంలో చక్కెర చుక్క కూడా కనబడకూడదన్న పట్టుదలను చివరి అంచు దాకా తీసుకెళ్లినవాడు ఫ్రెడరిక్ అలెన్. 1914 తర్వాత న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థలో ఆయన రోగులను మూత్రం శుభ్రపడేదాకా పస్తు పెట్టేవాడు. ఆ తర్వాత కూరగాయలను మూడుసార్లు ఉడికించి, ఆ నీళ్లన్నీ పారబోసి, పిండి దాదాపు పోయిన పిప్పిని పెట్టేవాడు. ఆసుపత్రిలో చూపు పోయిన 12 ఏళ్ల పిల్లవాడొకడు మూత్రంలో చక్కెర కనబడేలా ఎక్కడ తింటున్నాడో మొదట ఎవరికీ అంతుపట్టలేదు. పళ్లు తోముకునే పేస్టు, పంజరంలో పిట్టకు వేసిన గింజలు తిన్నాడని తర్వాత తేలింది. అమెరికా రాజకీయ నాయకుడు చార్లెస్ ఎవాన్స్ హ్యూస్ కూతురు ఎలిజబెత్ 11వ ఏట అలెన్ చేతికి వచ్చింది. మూడేళ్ల పస్తులతో ఆమె బరువు 20 కిలోలకు దిగింది.

ఆమెను ఆ పథ్యం నయం చేయలేదు. ఇన్సులిన్ వచ్చేదాకా బతికించింది. 1922 జనవరిలో టొరంటోలో 14 ఏళ్ల లెనార్డ్ థాంప్సన్‌కు తొలి ఇన్సులిన్ సూది పడింది. ఆగస్టులో ఎలిజబెత్‌కు అందింది. ఆమె 1981 దాకా జీవించింది.

ఇక్కడొక చిక్కుముడి ఉంది. ఇన్సులిన్ అసలే తయారు కాని ఆ పిల్లలూ, ఇన్సులిన్ ఉన్నా పనిచేయని మెరెడిత్ లాంటి పెద్దవాళ్లూ అప్పటిదాకా ఒకే జబ్బు కింద, ఒకే పథ్యం కింద ఉన్నారు. 1936లో లండన్ వైద్యుడు హెరాల్డ్ హింస్‌వర్త్ ఆ ముడి విప్పాడు. రోగులకు చక్కెరనూ ఇన్సులిన్‌నూ ఒకేసారి ఇచ్చి రక్తం పరీక్షించాడు. కొందరిలో ఇన్సులిన్ చక్కెరను అదుపు చేసింది, ఇంకొందరిలో చేయలేకపోయింది. ఈ రెండో గుంపులో ఎక్కువమంది వయసు మళ్లినవారు, ఒళ్లున్నవారు. మనం ఇవాళ రెండో రకం మధుమేహమంటున్నది వీళ్లకు వచ్చినదే. కొత్త కొలత లేకపోతే ఆ విభజన జరిగేది కాదు.

గడుల కాగితం, బియ్యపు వాదం

1950లో అమెరికా మధుమేహ సంఘమూ ఆహార నిపుణుల సంఘమూ ప్రజారోగ్య శాఖతో కలిసి ఒక పట్టిక తయారుచేశాయి. పాలు, కూరలు, పళ్లు, రొట్టె, మాంసం, కొవ్వు అని ఆరు గుంపులు. రొట్టె గుంపులో ఏది తీసుకున్నా ఒక వంతుకు 15 గ్రాముల పిండిపదార్థం. ఒకటి మాని ఇంకొకటి తినొచ్చు. మన ఆసుపత్రుల్లో ఇడ్లీలకు పుల్కాలకు లెక్క కట్టి ఇచ్చే అచ్చుకాగితం ఈ పట్టిక వంశంలోదే. దానివల్ల రోగికి మొదటిసారి కొంత స్వేచ్ఛ దొరికింది. కానీ రొట్టె, మాంసం, జున్ను రోజూ తినే వంటింటి కోసం వేసిన లెక్క అది.

మూడు పూటలా అన్నమే తినే మనిషి సంగతేమిటి? ఈ ప్రశ్నకు సమాధానాలు అనుకోని చోట్ల నుంచి వచ్చాయి. అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయంలో వాల్టర్ కెంప్నర్ మూత్రపిండాల జబ్బుకూ రక్తపోటుకూ అన్నం, పళ్లు మాత్రమే పెట్టి చికిత్స చేసేవాడు. మధుమేహం కూడా ఉన్న తన రోగుల్లో చాలామందికి చక్కెర పెరగలేదని, కొందరికి ఇన్సులిన్ అవసరం తగ్గిందని 1958లో చూపించాడు. ఉప్పూ నూనే లేని ఆ తిండితో వాళ్ల బరువు కూడా బాగా తగ్గిందన్నది మరవకూడదు. 1970లలో కెంటకీలో జేమ్స్ ఆండర్సన్ పీచు పుష్కలంగా ఉన్న గింజలు, పప్పులు, కూరలతో పిండిపదార్థం వాటా పెంచినా ఇన్సులిన్ మోతాదు దిగిందని నిరూపించాడు.

మన వైపు ఈ దారి తొక్కినవాడు ఎం. విశ్వనాథన్. కోస్తా జిల్లాలూ రాయలసీమా మద్రాసు రాష్ట్రంలోనే ఉన్న రోజుల్లో, 1948లో మద్రాసు స్టాన్లీ ఆసుపత్రిలో మధుమేహానికి ప్రత్యేకంగా ఓపీ మొదలుపెట్టిన వైద్యుడాయన. అన్నం తినేవాడికి అన్నం పూర్తిగా మాన్పించే చీటీ రాస్తే అది జేబులోనే ఉండిపోతుందని ఆయనకు తెలుసు. పిండిపదార్థం ఉంచుతూనే పీచు పెంచే పథ్యాన్ని దక్షిణాది రోగుల మీద నడిపించాడు.

అయితే ఆ అన్నం కూడా పాత అన్నం కాదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట, 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక గోదావరి, కృష్ణా డెల్టాలు వరి సముద్రమయ్యాయి. మెట్ట ప్రాంతాల్లో మాత్రం ఇంకో వందేళ్లు జొన్న రొట్టె, జొన్న గటక, రాగి సంగటి, సజ్జ, కొర్ర కడుపు నింపాయి. రోకటి దంపుడు పోయి మరలు వచ్చాక బియ్యపు తవుడు, దాంతోపాటు పీచూ బి1 విటమినూ పోయాయి. దీని ప్రమాదాన్ని ముందు చూసినవాడు రాబర్ట్ మెకారిసన్. 1918లో నీలగిరుల్లోని కూనూరులో బెరిబెరి జబ్బు మీద పరిశోధన మొదలుపెట్టి, దేశంలోని రకరకాల ప్రాంతాల భోజనాలను ఎలుకలకు పెట్టి చూశాడు. పంజాబు సిక్కుల గోధుమ, పప్పు, పాలు, కూరల భోజనంతో ఎలుకలు అన్నిటికన్నా బాగా ఎదిగాయి. మద్రాసు పాలిష్ బియ్యపు భోజనంతో అన్నిటికన్నా తక్కువ ఎదిగాయి. ఆ ప్రయోగశాలే 1958లో హైదరాబాద్‌కు తరలి, తర్వాత తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ అయింది.

తర్వాతి కథ మన పెద్దలు చూసిందే. కాలవలు, బోర్లు, కొత్త వంగడాలు, 1983 నుంచి కిలో రెండు రూపాయల బియ్యం. ఆకలి మీద గెలిచిన పథకమది, దాని మేలును తక్కువ చేయడానికి వీల్లేదు. అదే కాలంలో జొన్న గటక తిన్న ఇళ్లలోకి తెల్లన్నం వచ్చింది, ఆ అన్నాన్ని అరిగించే పొలం పని మాత్రం తగ్గుతూ పోయింది.

రక్తం చెప్పిన లెక్క

1981లో టొరంటోలో డేవిడ్ జెంకిన్స్ బృందం 62 రకాల తిండ్లను మనుషులకు పెట్టి, ఆ తర్వాత రెండు గంటలు రక్తంలో చక్కెర ఎంత ఎక్కుతుందో గీత గీసింది. గ్లూకోజును 100 అనుకుంటే మామూలు పంచదారకు 59 వచ్చింది, తెల్ల బ్రెడ్డుకు 69. తియ్యగా ఉండేదే చక్కెరను ఎక్కువ పెంచుతుందన్న నమ్మకం ఒక్కసారిగా కదిలింది. దీన్నే గ్లైసీమిక్ సూచిక అంటారు. మన దగ్గర రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఇచ్చిన ఆర్‌ఎన్‌ఆర్ 15048, అంటే తెలంగాణ సోనా, షుగరు బియ్యంగా పేరు పడింది ఈ సూచికలో 51 దగ్గర ఉండటం వల్లే.

ఈ సూచికను వాడేటప్పుడు గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. ఆ పరీక్షలో ప్రతి తిండి నుంచీ 50 గ్రాముల పిండిపదార్థమే పెడతారు. అన్నంలో అది సుమారు 180 గ్రాములకు వస్తుంది. మన మామూలు భోజనంలో మారు వడ్డనతో కలిపి అన్నం దానికి రెట్టింపు ఉండటం కొత్త కాదు. సూచిక తక్కువున్న బియ్యమైనా రెట్టింపు తింటే రక్తంలోకి రెట్టింపే చేరుతుంది. రాత్రి చపాతీ సంగతీ అంతే. అన్నం మాని నాలుగు చపాతీలు తిన్నవాడికి మేలు జరిగితే, లెక్కపెట్టి తినడం వల్ల జరుగుతుంది.

రక్తపు కొలతల్లో అసలైన మలుపు హెచ్‌బీఏ1సీ. మధుమేహ రోగుల రక్తంలో ఒక రకం హిమోగ్లోబిన్ ఎక్కువగా ఉందని 1960ల చివర టెహరాన్‌లో శామ్యూల్ రహ్‌బర్ గుర్తించాడు. దాన్ని కొలిస్తే రెండు మూడు నెలల సగటు తెలుస్తుంది. పరీక్షకు ముందు రెండు రోజులు కడుపు కట్టుకుని డాక్టరును సంతోషపెట్టే వీలు పోయింది. ఈ సగటు చేతికొచ్చాకే తిండి పద్ధతులను ఒకదాని పక్కన ఒకటి పెట్టి తూచడం కుదిరింది.

అలా తూచాక నిపుణుల సంఘాల గొంతు మారింది. తియ్యటి పదార్థం మొత్తంగా నిషేధమన్న నియమాన్ని 1994లో అమెరికా మధుమేహ సంఘం సడలించింది. ఏ రకం చక్కెర అన్నదాని కన్నా పిండిపదార్థం మొత్తం ఎంతన్నదే ముఖ్యమని చెప్పింది. అందరికీ సరిపడే ఒకే ఆహార పట్టిక లేదని కూడా ఒప్పుకుంది. 2019లో అదే సంఘపు నిపుణులు ఇంకాస్త ముందుకు వెళ్లి, పిండిపదార్థం తగ్గిస్తే చక్కెర అదుపులోకి వస్తుందన్నదానికి ఆధారాలు బాగా ఉన్నాయని, ఏ పద్ధతి ఎంచుకున్నా రోగి అలవాట్లకూ వీలుకూ తగ్గట్టు ఉండాలని రాశారు.

కాలేయంలో కొవ్వు

1871లో ఆగిపోయిన పారిస్ పాఠం 2011లో ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్‌లో మళ్లీ మొదలైంది. ఆచార్యుడు రాయ్ టేలర్ రెండో రకం మధుమేహం ఉన్న 11 మందికి ఎనిమిది వారాలు రోజుకు దాదాపు 600 కేలరీల తిండి పెట్టి, ఎంఆర్ఐతో కాలేయాన్నీ క్లోమాన్నీ చూస్తూ వచ్చాడు. వారం తిరిగేసరికి కాలేయంలో కొవ్వు తగ్గింది, పరగడుపు చక్కెర మామూలయింది. ఎనిమిది వారాలకు క్లోమంలో కొవ్వు తగ్గి, ఇన్సులిన్ విడుదల మెరుగుపడింది.

ఆ తర్వాత గ్లాస్గోకు చెందిన మైక్ లీన్‌తో కలిసి టేలర్ చేసిన డైరెక్ట్ అధ్యయనం స్కాట్లండ్, టైన్‌సైడ్ ప్రాంతాల్లోని 306 మందితో సాగింది. వాళ్లలో సగం మంది మూడు నుంచి ఐదు నెలలు రోజుకు దాదాపు 850 కేలరీల మేరకు పొడి కలిపిన ద్రవాహారమే తీసుకుని, తర్వాత నెమ్మదిగా మామూలు తిండికి వచ్చారు. ఏడాదికి వారిలో 46 శాతం మంది మందులు లేకుండానే మధుమేహపు గీత కిందకు దిగారు. 15 కిలోలు, అంతకు మించి తగ్గినవాళ్లలో ఆ ఫలితం 86 శాతం. రెండేళ్లకు మొత్తం 36 శాతం మంది ఆ స్థితిలో నిలిచారు. 46 నుంచి 36కు దిగిన ఆ పది శాతమే తిండి చరిత్రలోని పాత సమస్య. బరువు దించడం ఒక ఎత్తు, దించిన బరువును నిలుపుకోవడం ఇంకో ఎత్తు.

మన మధ్య నడుస్తున్న మూడు దారులు

గత కొన్నేళ్లుగా తెలుగువాళ్లలో మూడు తిండి పద్ధతులకు ఊరూరా అనుచరులున్నారు. మంతెన సత్యనారాయణరాజు ఉప్పూ నూనే లేని వండని తిండినీ పళ్లనూ ప్రచారం చేశారు. మైసూరుకు చెందిన ఖాదర్ వలీ కొర్ర, అరిక, సామ, ఊద, అండుకొర్రల సిరిధాన్యాలను తెలుగు వంటిళ్లలోకి తెచ్చారు. 2017 ప్రాంతంలో వీరమాచనేని రామకృష్ణ గింజ పూర్తిగా మాని కొబ్బరి నూనె, నెయ్యి, నిమ్మకాయలు, ఎక్కువ నీళ్లు అన్నారు. చరిత్రలో ఈ మూడింటికీ చుట్టాలున్నారు. ఒకదానిలో కెంప్నర్ అన్నం పళ్ల పథ్యం పోలిక ఉంది. ఒకదానిలో సుశ్రుత సంహిత గింజల జాబితా ఉంది. మూడోదానిలో రోలో ఉన్నాడు.

మూడింటితోనూ మేలు పొందినవాళ్లు ఉన్నారంటే ఆశ్చర్యపడనక్కర్లేదు. మూడూ తెల్లన్నాన్ని పక్కన పెడతాయి, మూడూ చిరుతిళ్లు మాన్పిస్తాయి, మూడింటిలోనూ మొదటి నెలల్లో బరువు దిగుతుంది. ప్రమాదం వేరే చోట ఉంది. చక్కెరను దించే మాత్రలో, ఇన్సులినో వాడుతున్న మనిషి ఒక్కసారిగా గింజ మానేసి పాత మోతాదే వేసుకుంటే చక్కెర పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. మూత్రపిండాలు దెబ్బతిన్నవాళ్లకు ఏ తిండి మార్పయినా లెక్క చూసుకుని చేయాల్సిందే. పథ్యం మారిన రోజే మందుల చీటీ కూడా వైద్యుడి ముందుకు రావాలి.

సిరిధాన్యాల గురించి భారత వైద్య పరిశోధన మండలి ఇండియాబ్ సర్వే చెప్పిన మాట కూడా వినాలి. దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందని 2023లో లెక్క తేల్చిన సర్వే అది. 2025లో అదే బృందం మనవాళ్లు తినే తిండిని విప్పి చూస్తే, కేలరీల్లో 62 శాతం పిండిపదార్థం నుంచే వస్తున్నాయి. మొత్తం తగ్గించకుండా తెల్ల గింజ బదులు ముడి గోధుమో చిరుధాన్యమో పెట్టుకున్నంత మాత్రాన ముప్పు తగ్గినట్టు కనబడలేదు. పిండిపదార్థంలో కొంత తీసి పప్పు, పాలు, పెరుగు వంటి మాంసకృత్తులతో నింపుకున్నచోట తగ్గినట్టు కనబడింది.

ఇంతలో ఇంకో కొలత వచ్చింది. భుజానికి అంటించుకుంటే రెండు వారాల పాటు పగలూ రాత్రీ చక్కెరను ఫోనులో చూపించే సెన్సర్. ఒకే ఉప్మా తిన్న భార్యాభర్తల గీతలు వేరువేరుగా లేస్తున్నాయని అది ఇంట్లోనే చూపిస్తుంది. భోజనంలో వరస మార్చినా గీత మారుతుంది. 2015లో అమెరికాలో అల్పనా శుక్లా బృందం 11 మందికి అదే భోజనాన్ని రెండు వరసల్లో పెట్టింది. కూరా మాంసమూ ముందు తిని పిండిపదార్థం చివర తిన్న రోజు చక్కెర గణనీయంగా తక్కువగా లేచింది. మన విస్తట్లో కూరనూ పప్పునూ అన్నంలో నంచుకునే సరుకుగా కాక ముందుగా తినే తిండిగా చూడమని దీని సారాంశం.

కానీ ఆ సెన్సర్ కొనగలిగే ఇల్లు ఎన్నిట్లో ఒకటి? ఇన్ని కొలతలు వచ్చాక కూడా పథ్యం రాసే కాగితం మీద ఒక గడి లేదు. ఆ తిండికి ఎంత ఖర్చవుతుంది, రోగి దగ్గర ఎంత ఉంది అన్న గడి. జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాలు గింజలకు కేలరీల్లో 45 శాతానికి మించి ఇవ్వొద్దంటాయి. మామూలు ఆరోగ్యవంతుడికి 2,000 కేలరీల రోజుకు 250 గ్రాముల గింజలు, 85 గ్రాముల పప్పులు, 400 గ్రాముల కూరలు ఉండాలంటాయి. తెలంగాణలో 2025 ఉగాది నుంచి రేషన్ దుకాణంలో మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం ఉచితంగా ఇస్తున్నారు. రోజుకు 200 గ్రాములు. గింజల కోటా దాదాపు అక్కడితో తీరిపోయింది, అందులో తప్పేమీ లేదు. పప్పుల లెక్క వేసి చూస్తే నలుగురున్న ఇంటికి నెలకు పది కిలోలు కావాలి. కూలికి వెళ్లే దంపతులు ఆ పది కిలోలు బజారులో కొనుక్కోవాల్సిందే. కొనలేకపోతే ఆ ఖాళీని మళ్లీ అన్నమే నింపుతుంది. మధుమేహం డెల్టా రైతుదో హైదరాబాదు ఉద్యోగిదో మాత్రమే కాని ఈ రోజుల్లో, సన్నబియ్యం బస్తా పక్కన కందిపప్పు, పెసలు, శనగలు కూడా మనిషికి ఇంతని తూచి ఇచ్చే రేషన్ కార్డు రావాలి. ఆసుపత్రి రాసిచ్చే పథ్యాన్ని ఆ ఇల్లు పాటించగలిగేది అప్పుడే.